పాఠకుల ప్రశ్నలు: పొడవాటి గోడకు ప్రసంగ వేదిక, సమాధికి ఇనుప బోను

ప్రశ్న: ఎడిన్‌బరోలో చదువుకుంటున్న మా అబ్బాయి అక్కడి పాత చర్చీల ఫొటోలు పంపాడు. గుత్తి కోట కింద ఉన్న ఆంగ్లేయుల సమాధులను చిన్నప్పటి నుంచీ చూస్తున్న నాకు, వాటిలో రెండు సంగతులు వింతగా తోచాయి. కొన్నింటిలో ప్రసంగ వేదిక తూర్పు కొసన కాక పొడవాటి గోడ నడుమ ఉంది. గ్రేఫ్రయర్స్ చర్చి ఆవరణలోనైతే సమాధులపై ఇనుప బోనులు బిగించారు. దెయ్యాలు లేవకుండా వాటిని పెట్టారన్నది నిజమేనా?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: 1560లో స్కాట్లాండు పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చి, బలిపీఠం వద్ద జరిగే కాథలిక్ పూజ అయిన మాస్‌ను నిషేధించింది. అంతవరకు తూర్పు కొసన బలిపీఠం, దాని వైపు తిరిగిన భక్తులు అన్నదే చర్చి కట్టడానికి ఆధారం. కొత్త పద్ధతిలో బైబిలు వాక్యం వినడమే ప్రధానమైనందువల్ల, బోధకుని గొంతు అందరికీ సమానంగా అందాలని, పాత గోడలను అలాగే ఉంచి, వేదికను దక్షిణపు గోడ నడుమకు మార్చి, బల్లలను దానికి మూడు వైపులా వేశారు. జనం పెరిగినచోట వేదికకు ఎదురుగా ఇంకొక భాగం కట్టడంతో చర్చి ఆంగ్ల అక్షరం 'టి' ఆకారానికి వచ్చింది. ఫైఫ్ తీరాన బర్న్‌టైలండ్‌లో 1590లలో కట్టిన చర్చి ఇంకా సాహసించి ఏకంగా చతురస్రంగా, నడుమ నాలుగు పెద్ద స్తంభాలతో నిలిచింది. అక్కడ నావికుల గ్యాలరీకి బయటి నుంచే మెట్లున్నాయి. ఊరి భూస్వామి గ్యాలరీకి కూడా పలుచోట్ల ఇలాంటి వేరు మెట్లు, వేరు ద్వారం కనిపిస్తాయి. దేవుని ముందు అందరూ ఒకటేనని బోధించిన చోట ఈ ఏర్పాటు నాకు కొంత నవ్వు తెప్పిస్తుంది.

చర్చి లోపల శవాలను పూడ్చరాదని ఈ కొత్త పద్ధతిని తెచ్చిన సంస్కరణవాదుల మహాసభ పదేపదే ఆదేశించినా భూస్వాములు తమ స్థానాన్ని వదులుకోలేదు. చర్చి గోడకు ఆనించి ఒక గది కట్టి, కింద కుటుంబ సమాధి, పైన తమ ఆసనం ఏర్పరచుకున్నారు. మిగిలిన జనమంతా ఆవరణలోని మట్టికి చేరారు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల రాళ్లపై పుర్రె, ఎముకలు, ఇసుక గడియారం, పక్కనే దర్జీ కత్తెర వంటి వృత్తి పనిముట్లు చెక్కి ఉంటాయి. మీ అబ్బాయి ఫొటోలను పెద్దవి చేసి చూడండి.

ఇక బోనుల మాట. దెయ్యాల కథ పర్యాటకుల కోసం పుట్టినది. అసలు భయం దొంగలది. వైద్య విద్యార్థులకు కోయడానికి చట్టం ఇచ్చిన శవాలు చాలనందువల్ల, కొత్తగా పూడ్చిన దేహాలను రాత్రిళ్లు తవ్వి అమ్మేవారు. మన సీమకు కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, గ్లాస్గోలో పుట్టి 1827లో పత్తికొండలో కలరాతో మరణించి, మీ గుత్తిలోనే మొదట ఖననమయ్యాడు కదా. సరిగ్గా ఆ ఏళ్లలో ఆయన స్వదేశంలో ఈ భయం ముదిరిపోయింది. 1828లో ఎడిన్‌బరోలో పట్టుబడిన బర్క్, హేర్‌లు తవ్వే శ్రమ కూడా లేకుండా మనుషులను చంపి శవాలను అమ్మారు. 1832 నాటి చట్టం, ఎవరూ తీసుకెళ్లని శవాలను వైద్య పాఠశాలలకు ఇచ్చేందుకు వీలు కల్పించడంతో ఆ వ్యాపారం పడిపోయింది.

దేహం కుళ్లి అమ్మకానికి పనికిరాకుండా పోయేవరకే బోను అవసరం కాబట్టి, కొన్ని ఊళ్లలో ఒకే బోనును ఉమ్మడిగా ఉంచుకొని సమాధి నుంచి సమాధికి మార్చేవారు. బోను సంపాదించలేని ఊళ్లలో బంధువులే వంతులవారీగా రాత్రంతా మేలుకొని కాపలా కాసేవారు; వారి కోసం ఆవరణ అంచున కట్టిన చిన్న కాపలా గదులు ఇప్పటికీ చాలాచోట్ల నిలిచి ఉన్నాయి.