లా కాలేజీలో చేరేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పది నుంచి ఐదు దాకా ఆఫీసు. డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీలో చేశాను. ఇక్కడే పార్ట్‌టైమ్‌గా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవాలనుంది. ముందుగా ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం (ఒడిశా)

జవాబు: ముందు గడియారం చూసుకోండమ్మా. సాయంత్రం కాలేజీ అంటే ఆఫీసు అయ్యాక వెళ్లేదని చాలామంది అనుకుంటారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం, పూర్తి హాస్టల్ కాలేజీల్లో తప్ప, తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. వారానికి కనీసం 30 గంటలు, అందులో 24 గంటలు పాఠాలకే. ఆరు రోజులకు పంచితే రోజుకు 5 గంటలు. మీ ఉద్యోగ వేళల్లో ఇది ఇమడదు. షిఫ్టు మార్పో, సెలవో కాగితం మీద ఖాయమయ్యాకే ఫీజు కట్టండి. పోనీ దూరవిద్యలో చేద్దామంటే, ఆ ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కాలేరు.

హాజరు లెక్కలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఉండాల్సిన 70 శాతం హాజరు అన్ని సబ్జెక్టులకూ కలిపి కాదు, ఒక్కో సబ్జెక్టుకు విడిగా. 60 క్లాసులు జరిగితే 42కు వెళ్లాలి. తగిన కారణముండి 65 శాతం, అంటే 39 ఉన్నా, అన్ని సబ్జెక్టులూ కలిపి 70 ఉంటేనే ప్రిన్సిపాల్ అనుమతించగలరు. రోజూ అరగంట ఆలస్యమైతే పోయేది మొదటి పీరియడే. అందులో ఎప్పుడూ ఒకే సబ్జెక్టుంటే మిగతావాటిలో 90 వచ్చినా ఆ పరీక్ష రాయనివ్వకపోవచ్చు. అందుకే చేరకముందే టైమ్‌టేబుల్ అడిగి చూడండి.

మరొకటి, మైగ్రేషన్ సర్టిఫికెట్. డిగ్రీ వేరే యూనివర్సిటీది కాబట్టి అడుగుతారు, ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. మన తెలుగువాళ్ల సర్టిఫికెట్లలో ఇంటిపేరు తరచూ ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఇక్కడి ఆధార్‌లో పూర్తిగా చివరికి చేరవచ్చు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయించండి.

ప్రశ్న: మా బాబాయిగారు తన పాత లా పుస్తకాలిస్తానన్నారు. పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నిరభ్యంతరంగా తీసుకోండి. నేర చట్టాలు మాత్రం 2024 జులై 1 నుంచి మారాయి. ఐపీసీ స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జనం నోట నానిన 420 ఇప్పుడు 318(4), 302 ఇప్పుడు 103. కొత్త బేర్ యాక్టు (వ్యాఖ్యానాలు లేని అసలు చట్టం పుస్తకం) కొని, మార్జిన్‌లో పెన్సిల్‌తో పాత నంబరు వేసుకోండి. ఐపీసీని పారేయకండి, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు అదే వర్తిస్తుంది.

ప్రశ్న: ఒడియా మాట్లాడగలను, చదవలేను. ఇబ్బందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పాఠాలకు పెద్దగా కాదు, కోర్టులో తప్పక అవుతుంది. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. అక్కడ చేతికొచ్చే భూమి కాగితాలు ఒడియాలో ఉంటాయి. ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి స్థలం రికార్డే తెరిచి ఖాతా, ప్లాట్, కిసమ్ (నేల రకం) గళ్లు చదవడం మొదలెట్టండి. తెలిసిన పేర్లూ తెలిసిన నేలా కాబట్టి, లిపి అక్కడే తొందరగా పట్టుబడుతుంది.