కృతిభర్తకు (పుస్తకం అంకితం తీసుకునేవారికి) రాసేటప్పుడు

మైలాపూరు, చెన్నై

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కథల పుస్తకం అచ్చు ఖర్చు షావుకారుపేట శెట్టిగారు పెట్టుకుంటామన్నారని తెలిసి సంతోషించాను. అంకితం పేజీ మాత్రం నాకు నచ్చలేదు. అభినవ కృష్ణదేవరాయలు, దానకర్ణుడు, సాహితీ కల్పవృక్షం! ఒక్క పేజీలో ముగ్గురా? ఆయన స్టీలు గిన్నెల వ్యాపారి. ఈ బిరుదులు ప్రతి సభలోనూ శాలువాతో పాటు ఎవరికి పడితే వాళ్లకి కప్పేవే.

శ్రీనాథుడు హరవిలాసం కావ్యాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడికి. కావ్యం మొదట్లో ఉండే అవతారిక తీసి చూడు. ఏ దేశం నుంచి గంధం, ఎక్కడి నుంచి కర్పూరం, కస్తూరి, కుంకుమపువ్వు వచ్చేవో వరసగా చెబుతాడు, ఓడ సరుకు పట్టీ చదువుతున్నట్టే ఉంటుంది. కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించినవాడు ఆ సెట్టే మరి. అందులో అతిశయోక్తి లేదనను. కానీ ఆ పొగడ్త ఇంకో సెట్టికి అతకదు. నువ్వూ అలాగే రాయి. సాయంత్రం కొట్టు కట్టేశాక గల్లాపెట్టె పక్కన కూర్చుని మనవరాలి చేత నీ కథలు చదివించుకుంటారన్నావే, అది రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

వ్యాపారి డబ్బుతో సాహిత్యమా అని ముఖం చిట్లించే నీ స్నేహితుల్ని పట్టించుకోకు. ఇదే మద్రాసులో 1924లో 'భారతి' సాహిత్య పత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మినాయనే.

డబ్బిచ్చినవాళ్లకే అంకితమివ్వాలని రూలేం లేదు. మీ అమ్మకివ్వాలని ఉంటే ఇప్పుడే శెట్టిగారితో చెప్పు, ఆయన పేరు 'ముద్రణ సహకారం' కింద వేద్దువుగాని. అచ్చయ్యాక తెలిస్తేనే మనసు కష్టపెట్టుకుంటారు.

శెట్టిగారికి రాసే ఉత్తరంలో "తమ ఔదార్యం మేరకు" అని నసగొద్దు. ప్రెస్సువాళ్ల కొటేషన్ జతచెయ్యి: ఎన్ని ప్రతులు, ఏ కాగితం, ఏ బైండింగు. వ్యాపారస్తులకు లెక్క కనబడితేనే నిశ్చింత. ఆయనకు ఎన్ని కాపీలిస్తావో కూడా అందులోనే రాయి. ఇంట్లో పెళ్లి ఉందటగా, పంచడానికి కాస్త ఎక్కువే అడుగుతారు. ఇచ్చెయ్యి. ఏ కథ ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పబోతే మాత్రం మర్యాదగా నవ్వి ఊరుకో.

ప్రూఫులు నాకు పంపు. నీ కథల్లో అచ్చుతప్పు పడితే పాఠకుడు సర్దుకుంటాడు, శెట్టిగారి ఇంటిపేరులో పడితే కాపీలన్నీ నీ ఇంట్లోనే ఉంటాయి.

పెదనాన్న