38,000 రూపాయల కార్పెట్: ఈఎంఐ మీద కొనొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. మొన్న మాఘమాసంలో కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం చేశాం. నేను స్కూల్లో టీచర్‌ని. మా ఆయనదీ నాదీ ప్రైవేటు ఉద్యోగాలే. ఇద్దరికీ కలిపి నెలకు 52,000 వస్తుంది. హోమ్ లోన్ 18,500, ఇంటి ఖర్చులు, పాప ఫీజు, చీటీ అన్నీ పోను ఆరేడు వేలు మిగులుతాయి. బ్యాంకులో 70,000 ఉన్నాయి. హాలు 12×15 అడుగులు. సోఫా ముందు వేయడానికి మూడు కార్పెట్లు చూశాను. షాపులో 8×10 ఉన్నిది 38,000. 'హ్యాండ్‌మేడ్' అన్నారు, వడ్డీ లేకుండా ఆరు నెలల్లో కట్టే నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. అక్కడే 6×9 పాలీప్రొపిలీన్‌ది, మెషీన్ మీద చేసింది, 9,500. ఆన్‌లైన్‌లో 4×6 బొచ్చు కార్పెట్ 2,800. మంచిది ఒక్కసారే కొంటే ఆస్తిలా పడి ఉంటుందని నా ఉద్దేశం. 'పెళ్లిళ్లలో పరిచే జంపఖానా చాలదా?' అంటారు మా ఆయన. 70 ఏళ్ల మా అత్తమ్మ కూడా మాతోనే ఉంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, 'ఆస్తిలా' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. కమ్మలు చేయించుకుంటే అవసరానికి తాకట్టు పెట్టుకోవచ్చు. కార్పెట్‌ని ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు. రెండేళ్లు తొక్కాక సగం ధరకైనా కొనేవాళ్లు దొరకరు. ఇది ఖర్చే. ఖర్చు పెట్టొద్దని కాదు, కష్టపడి కొనుక్కున్న ఇల్లు, హాలు అందంగా ఉండాలనుకోవడంలో తప్పేముంది? కాకపోతే ఖర్చుని ఖర్చులాగే చూడాలి. ఎన్నేళ్లు వస్తుంది, ఏడాదికి ఎంత పడుతుంది?

మీరు చూసిన మూడింటినీ అలా లెక్కేశాను. ఏళ్లు నా అంచనా, మీ వాడకాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఉన్నిది 8 ఏళ్లు వస్తుందనుకుందాం. దాన్ని ఇంట్లో ఉతకలేరు, ఏడాదికోసారి బయట ఇవ్వాలి. చదరపు అడుగుకు 25 రూపాయలు వేసుకున్నా 80 చదరపు అడుగులకు 2,000. ఎనిమిదేళ్లకు 16,000, ధరతో కలిపి 54,000. అంటే ఏడాదికి 6,750. మెషీన్‌ది 4 ఏళ్లే వస్తుందనుకున్నా ఏడాదికి 2,375. దాన్ని మిద్దె మీద పరిచి సబ్బునీళ్లతో కడిగేసుకోవచ్చు, పాలీప్రొపిలీన్ నీళ్లు పీల్చుకోదు. కడిగాక మాత్రం మన ఎండలో రోజుల తరబడి వదిలేయకండి, పీచు పెళుసెక్కుతుంది. ఆన్‌లైన్‌ది రెండేళ్లు వస్తే ఏడాదికి 1,400.

అంకెల్లో చివరిదే చవక. కానీ దాన్ని కొనొద్దు, ఎందుకంటే నేను కొన్నాను. ఇలాగే 4×6 తెచ్చి మా హాల్లో టీపాయ్ కింద వేశాను. సోఫా కాళ్లకూ దానికీ సంబంధం లేదు. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్ట దారితప్పి హాలు మధ్యకు వచ్చినట్టుంది. మా ఆవిడ ఏమీ అనలేదు, మర్నాడు చూస్తే అది పూజగదిలో ఉంది. ఏడాది తిరక్కుండా పెద్దది కొన్నాం. ఒక హాలుకు రెండు బిల్లులు.

సోఫా ముందు కాళ్లైనా కార్పెట్ మీద ఉండాలి. సోఫాకు రెండు పక్కలా ఓ అరడుగు బయటికి కనబడాలి. మూడు సీట్ల సోఫా దాదాపు 7 అడుగులుంటుంది, కాబట్టి 8 అడుగుల పొడవు లేనిది మీకు పనికిరాదు. అలాగని 8×10 కూడా వద్దు. మీ సోఫా 15 అడుగుల గోడకు ఆనించి, టీవీ ఎదురు గోడకు ఉందనుకుంటున్నాను. ఆ రెండు గోడల మధ్య 12 అడుగుల్లో సోఫా వైపు రెండున్నర అడుగులు పోతే, 8 అడుగుల కార్పెట్ సరిగ్గా టీవీ యూనిట్ అంచు దాకా వెళ్తుంది. అటూ ఇటూ నడిచే ప్రతి మనిషీ దాన్ని తొక్కాల్సిందే. 6×9 అయితే ఇంకా రెండడుగుల దారి మిగులుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు. మీరు టీచరు, సుద్దముక్కలకు కరువుండదు. సోఫా ముందు రెండు సైజులూ నేల మీద గీసి, నాలుగు రోజులు వాటి మధ్యే తిరగండి. తలుపు తెరిస్తే ఆ గీత మీదికి వస్తుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

'హ్యాండ్‌మేడ్' అన్నదాన్ని ఒకసారి తిరగేసి చూడండి. ముడులు వేసి నేసినదైతే వెనక వైపు కూడా డిజైన్ ముడిముడిగా కనబడుతుంది. మన ఏలూరు తివాచీలు అలాంటివే. వెనక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్. చేత్తో పట్టుకునే చిన్న మెషీన్‌తో ఉన్నిని గుడ్డలోకి గుచ్చి, వెనక లేటెక్స్ జిగురు పూస్తారు. చేత్తో చేశారన్నది అబద్ధం కాదు. కానీ ముడుల కార్పెట్‌ను జాగ్రత్తగా వాడితే తరం మారినా నిలుస్తుంది, టఫ్టెడ్‌కి ఆ జిగురు ఉన్నంతే ఆయుష్షు. జిగురు ఎండిపోతే కింద పిండిలా రాలడం మొదలవుతుంది. మీకు చెప్పిన ధర చదరపు అడుగుకు 475 పడుతోంది. ఆ ధరకు ముడుల ఉన్ని కార్పెట్ వస్తుందని నేననుకోను.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది, షాపు ఆ మేరకు ధర తగ్గించినట్టు చూపిస్తుంది. వడ్డీ 15 శాతం అనుకుంటే ఆరు నెలలకు సుమారు 1,600. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 290, మీ బిల్లులోకి వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. అంటే ఆ 1,600 వదులుకోడానికి షాపు సిద్ధంగానే ఉందన్నమాట. 'రొక్కం ఇస్తా, ఎంతకిస్తారు?' అని అడగడానికి మొహమాటమెందుకు?

అసలు చిక్కు వేరే ఉంది. నెలకు 6,333 కట్టాలి, మీకు మిగిలేదే ఆరేడు వేలు. ఒక నెల పాపకు జ్వరమొచ్చి కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ వేసే కార్డులున్నాయి. పోనీ బ్యాంకులోని 70,000 లోంచి తీద్దామా అంటే, మీ నెల ఖర్చు 45,000 పైనే. ఉన్నది నెలన్నరకు వస్తుంది, అంతే. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు. ముందు ఆ నిల్వ మూడు నెలల ఖర్చుకు, 1,35,000 దాకా పెరగాలి, ఆ తర్వాత ఆరు నెలలకు. దాన్ని తాకకండి. ఫ్లాట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే ఇంటి సామాన్లకు కూడా ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మన ఊళ్లోకి ఎలా వచ్చిందో మీ అత్తమ్మను అడిగితే చెబుతారు.

కాబట్టి ఆ 6×9 మెషీన్‌ది కొనండి, ఇప్పుడు కాదు. ఉగాది నుంచి నెలకు 1,600 రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) కట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ 5 ఏళ్లది, అది వద్దు. కొన్ని బ్యాంకులు ఆరు నెలలకే తెరుస్తాయి. దసరాకల్లా 9,600, పైన కొంత వడ్డీ చేతికొస్తుంది. మిగతా ఐదు వేలు అత్యవసర నిల్వలోకి. ఎలాగూ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. మధ్యాహ్నం ఫ్యాను కింద ఉత్త నేల మీద చాప కూడా లేకుండా పడుకుని పెరిగినవాళ్లం. ఆ చల్లటి నేలను డబ్బులిచ్చి మరీ ఉన్నితో కప్పుకోవడం నాకైతే అర్థం కాదు.

మీ ఆయన మాట కూడా తీసిపారేయకండి. మంచి నూలు జంపఖానా మీ కొలతకు దొరికితే అది మెషీన్ కార్పెట్‌కేం తీసిపోదు. దులిపితే దుమ్ము పోతుంది, ఉతకొచ్చు, ఎండాకాలం మడిచి అటక మీద పెట్టొచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆయన మనసులో ఉన్నది సప్లయర్స్ షాపు చారల జంపఖానా అయితే మాత్రం నేను మీ వైపే.

ఏది కొన్నా కింద యాంటీ స్లిప్ మ్యాట్ వేయండి. టైల్స్ మీద కార్పెట్ జారుతుంది, మూల లేస్తే కాలు తట్టుకుంటుంది. ఈ వయసులో మీ అత్తమ్మ పడితే, తుంటి ఎముక ఆపరేషన్ బిల్లు ముందు ఈ 38,000 చిన్నదైపోతుంది. బొచ్చు ఎక్కువున్నది అసలే వద్దు.

దసరాకి షాపుకు వెళ్లేటప్పుడు సుద్దగీతల కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. బిల్లు మీద సైజు, దేంతో చేశారన్నది రాయించుకోండి. 9,500 దగ్గర ఓ ఐదొందలు తగ్గించమని గట్టిగా అడగండి, మ్యాట్‌కు పనికొస్తాయి.