వాదన బలమైనదా, బలహీనమైనదా? నేను తేల్చుకునే పద్ధతి ఇది

నీ ప్రశ్న చదవగానే హన్మకొండ రీడింగ్ రూంలో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి తమ్ముడూ. ఒక ప్రతిపాదన ఇచ్చి, దాని కింద 'అవును, ఎందుకంటే', 'వద్దు, ఎందుకంటే' అని రెండు వాదనలు పెట్టి ఏది బలమైనదో చెప్పమనే బిట్లు ఎన్ని చేసినా తప్పే పోతున్నాయని రాశావు. 'మాత్రమే', 'అందరూ' లాంటి మాట కనబడితే బలహీనం అని పెట్టేయమని ఫ్రెండ్ చెప్పాడు, నమ్మొచ్చా అక్కా అని అడిగావు. నమ్మకు. నేను గ్రూప్-2కి చదివేటప్పుడు అదే చిట్కా పట్టుకుని చాలా మార్కులు పోగొట్టుకున్నాను. "వాగు మీద వంతెన కట్టాలా? అవును, వానాకాలంలో ఆ ఊరివాళ్లు బయటికి రావడానికి దారి అదొక్కటే." ఇందులో 'ఒక్కటే' ఉంది కదా, కానీ వాదనకు బలం వచ్చిందే ఆ మాటతో. వేరే రోడ్డు ఉంటే వంతెన లేకపోయినా నడిచేది.

అసలు నా తప్పు చిట్కాలో కూడా లేదు, నేను చదివే తీరులో ఉంది. నాకు నచ్చిన మాటకు 'బలమైనది' అని, నచ్చని మాటకు 'బలహీనం' అని పెట్టేదాన్ని, అది నాకే తెలిసేది కాదు. మా చిన్నాయన తాగుడుకే పోయాడు. అందుకని "మద్యనిషేధం పెట్టాలా?" అన్న బిట్ వస్తే "అవును, తాగుడు చెడ్డది" అన్నది చూడగానే కళ్లు మూసుకుని టిక్ పెట్టాను. కీలో బలహీనం అని ఉంది. నాకు కోపమొచ్చింది, కీ తప్పనుకున్నాను. రెండు రోజుల తర్వాత నెమ్మదిగా చూస్తే అర్థమైంది: తాగుడు చెడ్డదే, అందులో వివాదం లేదు, కానీ నిషేధం పెడితే తాగుడు తగ్గుతుందా లేదా అన్న ముక్క ఆ వాక్యంలో ఎక్కడా లేదు. కారణం నిజమే, ప్రతిపాదన దాకా మాత్రం రాలేదు.

దాని కిందే ఉన్న రెండోది: "వద్దు, గతంలో పెట్టి సడలించారు." ఉమ్మడి రాష్ట్రంలో 1995లో నిషేధం పెట్టారు, 1997లో సడలించారు, అది చరిత్ర పేపర్ కోసం చదివి ఉన్నాను కాబట్టి తెలిసిన విషయం కనబడగానే దాన్నీ బలమైనది అనుకున్నాను. అది కూడా తప్పే. సడలించారు అంటే ఎందుకు సడలించారు, ఆ కారణం ఇప్పుడూ ఉందా? అది చెప్పకపోతే పాత సంగతి ఒకటి చెప్పినట్టే, అంతకు మించి ఏం లేదు. అదే వాదన "వద్దు, అమలు చేయలేకపోతే దొంగసారా పెరిగి ప్రాణాల మీదికి వస్తుంది" అని ఉంటే అప్పుడు ఆలోచించాల్సిన మాట అవుతుంది, ఎందుకంటే అది నిషేధం వల్ల ఏం జరుగుతుందో చెబుతోంది.

ఇది నాకు పూర్తిగా ఎక్కింది మాత్రం పుస్తకంలో కాదు, మిర్చి మార్కెట్లో. మాది నర్సంపేట వైపు. ఒక ఏడాది బాపు ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తీసుకుపోయే ముందు రోజు పక్కింటాయన వచ్చి "ఇవాళ తేజ రకానికి జెండా పాట బాగా పలికింది, మనదీ తేజనే, రేపు మనకూ అంతే వస్తుంది" అన్నాడు. ఆ రాత్రి అమ్మ, బాపు, నేను కూర్చుని ఆ ధరతోనే లెక్క వేసుకున్నాం, మందుల షాపుకు ఇంత, కైకిలోళ్లకు ఇంత, నా కోచింగ్ ఫీజుకు ఇంత అని. పొద్దుగాల నేనూ వెంట పోయాను. ఖరీదుదారు బస్తా మూతి విప్పి, పైవి వదిలేసి, మోచేతి దాకా చేయి లోపలికి పెట్టి పిడికెడు కాయలు తీశాడు. అరచేతిలో పరిచాడు. ఎర్రగా మెరిసేవి ఉన్నాయి, మధ్యలో తెల్లబడిన తాలు కాయలు రెండు ఉన్నాయి, ఒక కాయను వంచితే విరగకుండా మెత్తగా వంగింది. ఇంకా తేమ ఉంది. జెండా పాట కంటే క్వింటాలుకు మూడు వేలు తక్కువ చెప్పాడు. బాపు ఏం మాట్లాడలేదు, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

బస్సులో తిరిగొస్తూ పక్కింటాయన మాటనే తిప్పి తిప్పి చూశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. జెండా పాట నిజమే, మాది తేజ రకమే. కానీ జెండా పాట అంటే ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాటుకు పలికే ధర. "మన కాయ కూడా ఆ లాటు లాగానే ఉంది" అన్న మాట ఆయన నోటితో అనలేదు, మేమూ అడగలేదు, అందరం ఉందనుకుని దాని మీదే లెక్క కట్టాం. చిన్న వాదనల్లో బలహీనత దాదాపు ఎప్పుడూ ఇట్లా పైకి చెప్పని మాటలోనే దాక్కుంటుంది.

మాకు రీజనింగ్ చెప్పిన సార్ దీన్నే మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలోని పొగ, నిప్పు ఉదాహరణతో చెప్పేవారు. పాత తార్కికులు వాదనను ఐదు ముక్కలుగా చెప్పాలన్నారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది వంటింట్లో లాగా, ఈ కొండా అట్లాంటిదే, కాబట్టి నిప్పుంది. పరీక్షలో ఇచ్చే వాదనలో మొదటి రెండే ఉంటాయి. మూడోది, అంటే 'ఎక్కడ ఇది ఉంటే అక్కడ అది ఉంటుంది' అన్న ముక్క, నువ్వే రాసుకుని చూడాలి. తిప్పేసి "నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది" అంటే నిలబడదు. బాగా ఎండిన పత్తికట్టె పెడితే మా అమ్మ పొయ్యి పొగ పెద్దగా లేకుండానే మండేది, వానలో తడిసిన కట్టె పెడితే ఇల్లంతా పొగే. ఆ తడి కట్టె షరతునే తార్కికులు ఉపాధి అన్నారు. నాకైతే ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ గైడులోనూ దొరకలేదు.

ఇంకోటి, ఒకటి బలమైనదైతే రెండోది బలహీనమే అయ్యుండాలని అనుకోకు. "జిల్లాలను చిన్నవి చేయాలా?" తీసుకో. మన తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఏటూరునాగారం మనిషి కలెక్టరేట్ పని మీద వంద కిలోమీటర్లు దాటి వరంగల్ రావాల్సి వచ్చేది, ఆ దూరం తగ్గుతుంది అనేది బలమైన వాదన. ప్రతి జిల్లాకు కొత్త ఆఫీసులు, కొత్త సిబ్బంది, ఆ ఖర్చు ఎప్పటికీ ఉంటుంది అనేదీ బలమైనదే. ఏది గెలవాలి అని నిన్ను అడగడం లేదు.

పరీక్షలో వాదన చెప్పే కారణాన్ని నిజమనే తీసుకో, మరీ అసంభవమైతే తప్ప. నిజమైనా కూడా ప్రతిపాదనకు ఏమైనా తేడా చేస్తుందా, అంతే చూడు. బయట జీవితంలో మాత్రం కారణం నిజమా కాదా అన్నది కూడా విడిగా అడగాలి, రెండు ప్రశ్నలూ కలిపేస్తే మళ్లీ నాలాగే ఇష్టాయిష్టాల్లో పడతావు.

చివరగా నువ్వు పెట్టిన మేడారం బిట్. "జాతరలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించాలా?" అవును, జాతర జరిగేది అభయారణ్యం మధ్యలో, ఆ చెత్త అడవిలో, జంపన్న వాగులో మిగిలిపోతుంది. వద్దు, జాతర రెండేళ్లకోసారే కదా. మొదటిది బలమైనది, అందులో నీకూ అనుమానం లేదు. రెండోదాన్ని నువ్వు బలమైనదని పెట్టావు, ఎందుకంటే 'రెండేళ్లకోసారి' అనేది నిజం. దాని మూడో ముక్క రాసి చూడు: 'అరుదుగా జరిగేదానితో వచ్చే నష్టం చిన్నది.' నాలుగు రోజుల్లో లక్షలు లక్షలుగా జనం వచ్చే చోట, పారేసిన కవరు మళ్లీ జాతర దాకా అట్లాగే పడి ఉండే చోట ఆ మాట నిలబడుతుందా? నిలబడదు. అందుకే బలహీనం.

ఒక వారం ఆప్షన్లు చేత్తో మూసిపెట్టి, ప్రతి వాదన పక్కన ఆ మూడో ముక్కను పెన్సిల్‌తో రాస్తూ చెయ్యి, స్పీడ్ గురించి టెన్షన్ పడకు. తప్పు పోయినవి నువ్వు రాసిన ముక్కతో సహా ఇక్కడే పెట్టు, సాయంత్రం డ్యూటీ అయ్యాక ఒక్కొక్కటీ చూస్తాను.