గోల్ఫ్ కిట్‌తో ఇండోనేషియాకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నలుగురు స్నేహితులం జూలైలో ఎనిమిది రోజులు ఇండోనేషియాలో గోల్ఫ్ ఆడాలనుకుంటున్నాం. జకార్తా, బాలి, బింతాన్ మూడూ కుదురుతాయా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నెల బాగా ఎంచుకున్నారు. అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ. కానీ మూడు చోట్లు పెట్టుకోకండి, బింతాన్ వదిలేయండి. అది ఇండోనేషియా దీవే అయినా దగ్గరి దారి సింగపూర్ నుంచి: తానా మేరా రేవులో ఫెర్రీ ఎక్కితే గంట పైచిలుకు. చాంగీ విమానాశ్రయం దాటి రేవుకు వెళ్లాలంటే సింగపూర్ వీసా కావాలి. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడే దిగాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. ఎప్పుడైనా సింగపూర్ వెళ్లినప్పుడు బింతాన్‌ను కలుపుకోవడమే మేలు.

ఈసారికి జకార్తాలో మూడు రాత్రులు, బాలిలో నాలుగు. జకార్తాలో పొందోక్ ఇందా కోర్సులో తప్పకుండా ఆడండి. 2018 ఏషియన్ గేమ్స్ గోల్ఫ్ జరిగింది ఇక్కడే. శని, ఆదివారాలు రేటూ ఎక్కువ, రద్దీ ఎక్కువ కాబట్టి ఆ రోజుల్ని ప్రయాణానికి వాడుకోండి. బాలిలో ఒక రోజు నూసా దువాలోని బాలి నేషనల్ కోర్సు. రెండోది బెదుగుల్ కొండల్లోని హందారా. ఆస్ట్రేలియా గోల్ఫర్ పీటర్ థామ్సన్ బృందం డిజైన్ చేసిన ఈ కోర్సు వెయ్యి మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. నూసా దువా నుంచి కారులో రెండు గంటలు దాటుతుంది, పైగా మధ్యాహ్నం పొగమంచు దిగుతుంది. అందుకే ముందు రాత్రి కొండమీదే బస చేసి పొద్దున్నే ఆడండి. తానా లోట్ గుడి దగ్గరి నిర్వానా కోర్సు పేరు పాత జాబితాల్లో ఇంకా కనిపిస్తుంది. అది 2017లోనే మూతపడింది.

వీసా ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు: 30 రోజులకు 5 లక్షల రుపయా (ఇండోనేషియా కరెన్సీ, మన రూపాయలు కావు). బాలిలో పర్యాటక రుసుము మరో లక్షన్నర రుపయా. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. జకార్తా–బాలి విమానం వేరే టికెట్ మీద కొంటే లగేజీ పరిమితి వేరుగా ఉంటుంది. కిట్ బరువు అక్కడే దెబ్బ తీస్తుంది. డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) హెడ్ విప్పి సాక్సులో చుట్టి బట్టల మధ్య పెట్టండి. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) విడి బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగులోనే.

ప్రశ్న: మాకు జనవరిలోనే సెలవు దొరుకుతుంది. వానల్లో ఆడగలమా?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆడొచ్చు, తొలి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరికితే. ఉదయమంతా ఎండకు నేల కాగి తేమగాలి పైకి లేస్తుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములతో కురుస్తుంది. బోగోర్ వైపు కొండల వల్ల ఇది ఇంకా ఎక్కువ, ఆ ఊరికి వానల నగరమనే పేరుంది. నలుగురి రౌండుకు నాలుగున్నర గంటలు వేసుకోండి. ఆరున్నరకు మొదలెడితే పదకొండుకల్లా క్లబ్‌హౌస్‌లో ఉంటారు. పన్నెండింటి స్లాట్ చవగ్గా ఇస్తారు కానీ చివరి హోల్స్‌కు వచ్చేసరికి వాన పట్టుకుంటుంది. వాన ఆగేదాకా ఆగుదామంటే చీకటి పడిపోతుంది.

పిడుగుల హెచ్చరికగా సైరన్ ఒకటే పొడుగ్గా మోగిందంటే ఆట అక్కడికక్కడే ఆపాలి. హోల్ పూర్తి చేద్దామనుకోవద్దు, చెట్ల కింద నిలబడొద్దు. నాలుగు గ్లోవ్‌లు తీసుకెళ్లండి. తడిసినవాటిని బ్యాగులో కుక్కితే తోలు బిగుసుకుపోతుంది, గాలికి ఆరేయండి. జనవరిలో జకార్తాలో రోడ్లు మునిగే రోజులూ ఉంటాయి కనుక బాలి ఒక్కటే చాలు, ఒక రోజు ఖాళీగా ఉంచండి.

ప్రశ్న: అక్కడి గ్రీన్‌ల (కప్పు చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద పుట్, అంటే బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బ, అంచనాకు అందదంటారు. ఎందుకు?

జవాబు: గ్రెయిన్, అంటే గడ్డి వాలిన దిశ వల్ల. బెర్ముడా జాతి గడ్డి పైకి కాక ఒక పక్కకు వాలి పెరుగుతుంది. బంతి వెనక నిలబడి చూడండి: గడ్డి లేత రంగులో మెరిస్తే మీకు అనుకూలం, బంతి జారిపోతుంది, ముదురుగా కనిపిస్తే ఎదురు, పొట్టిగా ఆగుతుంది. ఇంకా కచ్చితమైన గుర్తు కప్పు అంచు. ఒక వైపు కోసినట్టు నున్నగా, రెండో వైపు చెదిరి గోధుమ రంగులో ఉంటుంది. చెదిరిన వైపుకే గడ్డి వాలింది. గడ్డి మీ లైన్‌కు అడ్డంగా వాలి ఉంటే, నేల పల్లం తక్కువున్న చోట కూడా బంతి పక్కకు తిరుగుతుంది. ఎదురు గ్రెయిన్‌లో వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) చిప్, అంటే గ్రీన్ పక్కనుంచి చిన్న దెబ్బ కొడితే క్లబ్ అంచు గడ్డిలో దిగబడుతుంది. ఎనిమిదో నంబరు ఐరన్ క్లబ్‌తో దొర్లించండి. మీ బ్యాగు చూసుకుంటూ సలహా ఇచ్చే క్యాడీ మాట వినండి. అయితే మీరు నిలబడే భంగిమ మొదలుపెట్టాక క్యాడీ మీ బంతికి వెనక, కొట్టే దిశకు సూటిగా నిలబడకూడదు, గోల్ఫ్ నిబంధన 10.2బి ప్రకారం శిక్ష పడొచ్చు. టిప్ రుపయా నోట్లలోనే ఇవ్వండి.

ప్రశ్న: శాకాహారులకు కోర్సు దగ్గర ఏం దొరుకుతుంది?

జవాబు: తొమ్మిది హోల్స్ తర్వాతి విడిదిలో టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముక్కలు), తహు (టోఫు), అన్నం అడగండి. చట్నీలాంటి సంబల్‌లోనూ, గాడో-గాడో అనే కూరగాయల సలాడ్ పల్లీ సాస్‌లోనూ రొయ్యల ముద్ద తెరాసి కలిపి ఉండొచ్చు. ‘తన్పా తెరాసి, తన్పా ఇకాన్, తన్పా దాగింగ్’ అనండి: రొయ్యల ముద్ద, చేప, మాంసం వద్దని.