హాస్టలా, బయట గదా?

ప్రశ్న: మా అబ్బాయికి విజయవాడలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కాలేజీ హాస్టల్‌లో చేర్చాలా? ముగ్గురు స్నేహితులతో బయట గది తీసుకుంటానంటున్నాడు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మొదటి ఏడాది హాస్టలే మేలమ్మా. ఊరు, చదువు, వంట మూడూ ఒకేసారి నేర్చుకోవడం పిల్లలకు కష్టం. ఖర్చు పోల్చేటప్పుడు హాస్టల్ ఫీజు ఎన్ని నెలలకో అడగండి. బయట గదికి వేసవి సెలవుల్లోనూ అద్దె కట్టాల్సిందే. దానికి కరెంటు, నీళ్ల క్యాన్లు, గ్యాస్, బస్సు ఖర్చులు కలపండి.

బయటే ఉంటానంటే కరెంటు మీటరు ముందు చూడండి. రెండు మూడు పోర్షన్లకు ఒకే మీటరుంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులో పడతాయి, తక్కువ వాడినా రేటు ఎక్కువవుతుంది. విడి మీటరున్న గదే తీసుకోండి. సింగ్‌నగర్, పాయకాపురం వైపైతే కింది అంతస్తు వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద అక్కడి ఇళ్లలో రోజుల తరబడి నిలిచింది.

అద్దె అగ్రిమెంటు రాయించండి, ఆంధ్రప్రదేశ్‌లో 11 నెలలదైనా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి. అడ్వాన్సులో రంగులకు ఎంత కోస్తారో, మిగతాది ఎప్పుడిస్తారో అందులో ఉండాలి. మధ్యలో ఒకరు ఖాళీ చేస్తే ఆ వాటా ఎవరు కట్టాలన్నది పిల్లలు నలుగురూ ముందే కాగితం మీద పెట్టుకోవాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే.