ఎలక్ట్రానిక్స్ ప్రశ్నలు – జవాబులు: కీక్యాడ్ సింబల్ లైబ్రరీలు

ఈసారి ప్రశ్నలన్నీ కీక్యాడ్ (సర్క్యూట్లు గీసి, బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) సింబల్ లైబ్రరీల చుట్టూనే ఉన్నాయి. సింబల్ అంటే సర్క్యూట్ బొమ్మలో, అంటే స్కీమాటిక్‌లో, ఒక్కో భాగానికి పెట్టే గుర్తు. అలాంటి సింబల్స్‌ను దాచుకునే ఫైలే లైబ్రరీ. జవాబుల్లోని మెనూ పేర్లు 8వ వెర్షన్‌వి.

ప్రశ్న: ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు చేశాను. స్కీమాటిక్, బోర్డు ఫైళ్లు రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి కాలేజీ ల్యాబ్‌లో తెరిస్తే బొమ్మంతా బాగానే కనబడుతోంది. కానీ ఈఆర్‌సీ (స్కీమాటిక్‌లో కనెక్షన్ల తప్పులు వెతికే తనిఖీ) నడిపితే నేను సొంతంగా చేసుకున్న లైబ్రరీ లేదని హెచ్చరికలు. సింబల్ ఎడిటర్‌లో వెతికినా దొరకడం లేదు. ఏం చేయాలి?
– డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: 6వ వెర్షన్ నుంచి కీక్యాడ్ మనం వాడిన ప్రతి సింబల్ నకలునూ స్కీమాటిక్ ఫైల్లోనే దాచుకుంటోంది. లైబ్రరీ లేకపోయినా బొమ్మ కనబడేది అందుకే. ఆ నకలు పక్కనే అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసి ఉంటుంది: ముందు లైబ్రరీ నిక్‌నేమ్, తర్వాత కోలన్, ఆపైన సింబల్ పేరు. ఏ నిక్‌నేమ్ ఏ ఫైలుదో చెప్పేది 'సిమ్-లిబ్-టేబుల్' అనే చిన్న పట్టిక. ఇది రెండు చోట్ల ఉంటుంది. గ్లోబల్ పట్టిక కంప్యూటర్‌లో మీ యూజర్ సెట్టింగుల ఫోల్డర్‌లో, ప్రాజెక్టు పట్టిక ప్రాజెక్టు ఫోల్డర్‌లో. మీరు లైబ్రరీని గ్లోబల్‌లో చేర్చి ఉంటారు. ఆ పట్టికా, లైబ్రరీ ఫైలూ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇంటి ల్యాప్‌టాప్‌లో ఈ పని చేయండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'లిబ్స్' అని ఒక ఫోల్డర్ పెట్టి, మీ లైబ్రరీ ఫైలును (చివర 'డాట్ కీక్యాడ్ అండర్‌స్కోర్ సిమ్' అని ఉంటుంది) అందులోకి కాపీ చేయండి. ప్రాజెక్టు తెరిచి 'ప్రిఫరెన్సెస్'లో 'మేనేజ్ సింబల్ లైబ్రరీస్'కి వెళ్లండి. 'ప్రాజెక్ట్ స్పెసిఫిక్ లైబ్రరీస్' ట్యాబ్‌లో ఆ కాపీని చేర్చండి. నిక్‌నేమ్ మాత్రం పాతదే, అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. అలా ఇస్తే స్కీమాటిక్‌లో ఒక్క సింబల్‌నీ ముట్టుకోనక్కర్లేదు. నిక్‌నేమ్ మారితే మాత్రం ప్రతి సింబల్ లింకునూ 'ఎడిట్ సింబల్ లైబ్రరీ లింక్స్'లో మళ్లీ కలపాల్సి వస్తుంది.

తర్వాత పాత్ గడి చూడండి. అక్కడ సీ డ్రైవ్‌తో మొదలయ్యే పూర్తి చిరునామా ఉంటే పడిన శ్రమంతా వృథా, ల్యాబ్‌లో ఆ చిరునామా ఉండదు. దాని బదులు ముందు డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్ల మధ్య కే-ఐ-పీ-ఆర్-జే-ఎం-ఓ-డీ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, ఆ తర్వాత స్లాష్, లిబ్స్, స్లాష్, ఫైలు పేరు ఉండాలి. 'ఈ ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడ' అని దానర్థం. ఇక గ్లోబల్ ట్యాబ్‌లో పాత వరస తీసేయండి. వరస తీస్తే ఫైలు చెరిగిపోదు. రెండు చోట్లా ఒకే నిక్‌నేమ్ ఉంటే ప్రాజెక్టుదే చెల్లుతుంది గానీ, మీరు ఏ ఫైలును సరిచేస్తున్నారో మీకే అయోమయంగా ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌లోకి ఎప్పుడూ మొత్తం ఫోల్డర్‌నే తీసుకెళ్లండి. పట్టిక ఫైలుకు పొడిగింపు ఉండదు కాబట్టి పనికిరాని ఫైలనుకుని చాలామంది వదిలేస్తారు. సొంత ఫుట్‌ప్రింట్లు (బోర్డుమీద భాగం కాళ్లు కూర్చునే ప్యాడ్ల అమరికలు) ఉంటే వాటి ఫోల్డర్‌కీ ఇదే పద్ధతి, 'మేనేజ్ ఫుట్‌ప్రింట్ లైబ్రరీస్'లో.

ప్రశ్న: బీసీ547 ట్రాన్సిస్టర్‌తో గీసిన సర్క్యూట్‌లో 2ఎన్3904 వాడదామని నా లైబ్రరీలోని సింబల్‌లో పిన్ నంబర్లు మార్చి సేవ్ చేశాను. స్కీమాటిక్‌లో పాత నంబర్లే ఉన్నాయి. బోర్డూ మారలేదు.
– హాబీయిస్టు, వరంగల్

జవాబు: పైన చెప్పిన నకలే ఇక్కడా కారణం. లైబ్రరీలో చేసిన మార్పు స్కీమాటిక్‌లోకి దానంతటది రాదు. ఇది మంచి ఏర్పాటే: ఎప్పుడో ముగించిన బోర్డు, ఇవాళ లైబ్రరీలో చేసిన మార్పుతో చెడిపోకూడదు కదా. 'టూల్స్'లో 'అప్‌డేట్ సింబల్స్ ఫ్రమ్ లైబ్రరీ' తెరిచి ఆ సింబల్‌ను ఎంచుకోండి. ఫీల్డుల జాబితాలో వాల్యూ, ఫుట్‌ప్రింట్ పక్కన టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే మీరు స్కీమాటిక్‌లో రాసుకున్నవి పోయి లైబ్రరీలోవి వచ్చి కూర్చుంటాయి. తర్వాత ఎఫ్8 నొక్కి బోర్డుకు పంపండి. ట్రాక్‌లు ముందే వేసి ఉంటే వాటిని కొంత మళ్లీ వేయాల్సిందే.

మీరు నంబర్లు మార్చడం సరైన పనే. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి ఎడమ నుంచి చదివితే బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. రెంటికీ టీఓ-92 ఫుట్‌ప్రింటే, ప్యాడ్లు 1, 2, 3. ఏ కాలు ఏ ప్యాడ్‌కో తేల్చేది సింబల్‌లోని పిన్ నంబరు ఒక్కటే, ఈఆర్‌సీ ఈ తప్పును పట్టలేదు. కలెక్టర్, ఎమిటర్ తారుమారైనా ట్రాన్సిస్టర్ తక్కువ గెయిన్‌తో ఎంతో కొంత పనిచేస్తుంది. 5 వోల్టుల ఎల్ఈడీ మసకగా వెలిగితే రెసిస్టర్‌ను అనుమానిస్తాం. 12 వోల్టుల రిలే దగ్గర అసలు గుట్టు బయటపడుతుంది, ఎందుకంటే 2ఎన్3904 ఎమిటర్-బేస్ జంక్షన్ రివర్స్‌లో తట్టుకునే పరిమితి 6 వోల్టులే. ఎస్‌ఎండీకి (బోర్డు ఉపరితలం మీదే అతికించే చిన్న భాగాలకు) మారేటప్పుడు మరీ జాగ్రత్త: ఎస్‌ఓటీ-23 అనే చిన్న ప్యాకేజీలో బీసీ847కు 1 బేస్, 2 ఎమిటర్, 3 కలెక్టర్. ఒక్కో పిన్ అమరికకు ఒక్కో సింబల్ పెట్టుకుని, అమరికను పేరులోనే రాయండి. ఒకే సింబల్‌ను తిరగరాస్తూ పోతే పాత ప్రాజెక్టులో ఎవరో 'అప్‌డేట్' నొక్కిన రోజు బోర్డు చెడుతుంది.

ప్రశ్న: ఎల్ఎం358 ఆప్-యాంప్ (యాంప్లిఫయర్ చిప్) పెట్టాను. సింబల్‌కు సప్లై పిన్లే లేవు. పైగా 'ఇన్‌పుట్ పవర్ పిన్ నాట్ డ్రివెన్' అని ఎర్రర్. పిన్లన్నీ పాసివ్ చేసేయమని మిత్రుడు అంటున్నాడు.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: పాసివ్ అంటే ఆ పిన్ పవర్ ఇచ్చేదీ కాదు, తీసుకునేదీ కాదు అని గుర్తు పెట్టడం. అలా చేయకండమ్మా. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు నిజంగా సప్లై అందని చిప్‌ను పట్టుకునే అవకాశమూ పోతుంది. నెట్ నుంచి దించుకున్న సింబల్స్‌లో చాలావాటికి పిన్లన్నీ పాసివో, అన్‌స్పెసిఫైడో అయి ఉంటాయి. వాటిమీద ఈఆర్‌సీ నోరెత్తకపోతే సర్క్యూట్ బాగున్నట్టు కాదు. డేటాషీట్ ముందు పెట్టుకుని ఒక్కో పిన్ రకం సరిచేశాకే మీ లైబ్రరీలోకి తీసుకోండి.

ఎల్ఎం358 సింబల్ మూడు భాగాలు: ఏ, బీ రెండూ యాంప్లిఫయర్లు, సీలో సప్లై పిన్లు 4, 8. సింబల్ ఎంచుకునే విండోలో 'ప్లేస్ ఆల్ యూనిట్స్' టిక్ పెడితే మూడూ వరుసగా వస్తాయి. సీ పెట్టడం మరిస్తే బోర్డులో 4, 8 ప్యాడ్లకు కనెక్షనే ఉండదు. సీ పెట్టి వైర్లు కలిపాక కూడా ఎర్రర్ వస్తోందంటే మీ సప్లై ఒక కనెక్టర్ ద్వారా వస్తోందన్నమాట. కనెక్టర్ పిన్లు పాసివ్ కాబట్టి అక్కడ పవర్ ఉందని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ప్లస్ లైన్‌కు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి 'పవర్ ఫ్లాగ్' సింబల్ తగిలించండి.

వైరు తాకినట్టే కనబడుతూ కలవకపోతే పిన్ కొన గ్రిడ్ తప్పి ఉంటుంది. సింబల్ ఎడిటర్‌లో గ్రిడ్ 50 మిల్‌కు, అంటే 1.27 మిల్లీమీటర్లకు పెట్టి పిన్లను దానిమీదికి జరపండి.

ప్రశ్న: 5వ వెర్షన్ లైబ్రరీలు కొత్తదాంట్లో తెరుచుకుంటున్నా ఎడిట్ కావడం లేదు.
– పాఠకుడు, తిరుపతి

జవాబు: 'మేనేజ్ సింబల్ లైబ్రరీస్'లో ఆ వరస ఎంచుకుని 'మైగ్రేట్ లైబ్రరీస్' నొక్కండి. పాత 'డాట్ లిబ్' ఫైలు పక్కనే దాని 'డాట్ డీసీఎం' కూడా ఉండాలి, వివరణలూ డేటాషీట్ లింకులూ ఉండేది అందులోనే. మార్చిన ఫైలు మళ్లీ 5వ వెర్షన్‌లో తెరుచుకోదు. కాబట్టి పాత జంటను వేరే ఫోల్డర్‌లో అట్టే ఉంచుకోండి.